ఆదోని నుండి ఖడక్‌వాస్లాకు ఎంత దూరం?

ఆదోని, ఎమ్మిగనూరుల మధ్య ఉన్న ఒక పల్లెలో కోతకాలపు కృతజ్ఞతారాధనకు మమ్మల్ని పిలిచారు. ఆరాధన ముగిసింది. కానుకగా వచ్చిన జొన్నలు, గుమ్మడికాయలు, కోళ్ళు గుడి ముందర వేలం వేస్తున్నారు. అప్పుడు ఇంటర్మీడియట్ చదువుతున్న ఒక యౌవనస్థుడు మా దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. అతని చేతిలో వార్తాపత్రిక నుండి కత్తిరించిన ముక్క ఒకటి ఉంది.

"సార్, ఎన్.డి.ఏ. అంటే ఏమిటి? మనలాంటోళ్ళు కూడా రాయొచ్చా?" అని అడిగాడు.

మేము నోరు తెరవకముందే వెనుక నుండి అతని తల్లి అందుకుంది. "వద్దని చెప్పండి సార్. ఒక్కగానొక్క మగపిల్లోడు. మిలిట్రీకి పోతానంటుండాడు. మేము సుగ్గికి పోయేటప్పుడు మూటలు మోసేకి ఎవరుండారు? వానికేమన్నా అయితే నేనేం కావల్ల?"

తల్లి కొంగు పట్టుకొని నిలబడిన అయిదో తరగతి చెల్లెలు, "నేను కూడా రాస్తా" అంది. అందరూ నవ్వారు. మేమూ నవ్వాము. కాని తిరుగు ప్రయాణంలో బస్సులో కూర్చున్న తరువాత ఆ ముగ్గురి మాటలు మమ్మల్ని వదలలేదు. ఆ తల్లికి గాని, ఆ పిల్లలకు గాని మేము ఆ రోజు సరైన జవాబు చెప్పలేదు. ఈ వ్యాసమే ఆ జవాబు. ఇటువంటి ప్రశ్న మీ ఇంట్లోనూ ఉంటే, ఇది మీకు కూడా.

నలభై మందితో ఆరంభం

సైన్యంలో సిపాయిలు వేరు, అధికారులు వేరు. బ్రిటిషువారి కాలంలో మనవారు లక్షలాదిగా సిపాయిలయ్యారు గాని అధికారి హోదా మాత్రం వారికి అందలేదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే వేళ, 1918లో, ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్ సైనిక కళాశాలలో భారతీయులకు ఏడాదికి పది స్థానాలు ఇచ్చారు. అంత దూరం, అంత ఖర్చు ఎవరికి సాధ్యం? రాజుల బిడ్డలకు, జమీందారుల బిడ్డలకు మాత్రమే.

మన దేశంలోనే అధికారులను తయారుచేయాలని మన నాయకులు పట్టుబట్టారు. 1931లో సర్వసైన్యాధిపతి సర్ ఫిలిప్ చెట్‌వుడ్ అధ్యక్షతన ఒక కమిటీ కూర్చుంది. దాని ఫలితంగా 1932 అక్టోబరు 1న డెహ్రాడూన్‌లో ఇండియన్ మిలిటరీ అకాడమీ ఆరంభమైంది. మొదటి తరగతిలో ఉన్నది నలభై మంది. అదే సంవత్సరం డిసెంబరు 10న చెట్‌వుడ్ దానిని లాంఛనంగా ప్రారంభించి ఒక ఉపదేశం ఇచ్చాడు. అధికారి అన్నవాడు ముందు దేశాన్ని, ఆ తరువాత తన చేతి కింద ఉన్న మనుష్యులను, చిట్టచివర తనను చూసుకోవాలన్నదే దాని సారం. ఈ రోజుకు కూడా అక్కడి ప్రతి కేడెట్ దానిని కంఠస్థం చేస్తాడు.

ఆ నలభై మందిలో ముగ్గురి కథ చెప్పుకోదగినది. ఒకరు శాం మానెక్‌షా. 1971 యుద్ధంలో మన సైన్యాన్ని నడిపిన సేనాధిపతి. రెండవవారు మహమ్మద్ మూసా. 1965లో మనతో యుద్ధం జరిగినప్పుడు పాకిస్తాన్ సైన్యాధిపతి ఆయనే. మూడవవారు స్మిత్ డన్. బర్మాలోని కరెన్ జాతికి చెందిన క్రైస్తవుడు. స్వతంత్ర బర్మాకు 1948లో సైన్యాధిపతి అయ్యాడు. 1949లో అక్కడ కరెన్ల తిరుగుబాటు రాగానే ఆయనను పదవి నుండి తప్పించారు. ఒకే బల్ల దగ్గర భోంచేసిన వారు మూడు దేశాల సైన్యాలకు పెద్దలయ్యారు. దేశాల మధ్య గీతలు మారినప్పుడు స్నేహితులు కూడా ఎదురెదురుగా నిలబడవలసి వచ్చింది.

సూడాను పంపిన సొమ్ము

డెహ్రాడూన్ అకాడమీ పదాతి సైన్యానికి సంబంధించినది. రెండవ ప్రపంచ యుద్ధంలో ఒక సంగతి తేటగా తెలిసింది. నేల మీద పోరాడేవాడు, సముద్రం మీద పోరాడేవాడు, ఆకాశంలో పోరాడేవాడు ఒకరినొకరు ఎరగకుండా ఉంటే యుద్ధం సాగదు. కాబట్టి మూడు దళాల కుర్రవాళ్ళూ చిన్న వయస్సులోనే కలిసి చదవాలని ఫీల్డ్ మార్షల్ ఆకిన్‌లెక్ కమిటీ 1946 డిసెంబరులో సిఫారసు చేసింది.

డబ్బు ఎక్కడిది? ఇక్కడ ఒక ముచ్చట ఉంది. 1941లో మన సైనికులు ఆఫ్రికాలోని సూడాను దేశాన్ని కాపాడుతూ ఇటలీ సైన్యంతో పోరాడి ప్రాణాలు అర్పించారు. అందుకు కృతజ్ఞతగా సూడాను ప్రభుత్వం వారి జ్ఞాపకార్థం ఒక లక్ష పౌండ్లు ఇచ్చింది. దేశ విభజన జరిగినప్పుడు అందులో 70 వేల పౌండ్లు మన వంతుకు వచ్చాయి. పూణే దగ్గర ఖడక్‌వాస్లా చెరువు పక్కన కట్టిన ప్రధాన భవనానికి ఆ సొమ్ము వాడి, దానికి సూడాన్ బ్లాక్ అని పేరు పెట్టారు. ఊరు పేరు ఎరగని సిపాయిల ప్రాణాలే ఆ భవనానికి పునాది అన్నమాట.

కట్టడం పూర్తయ్యేదాకా ఆగకుండా 1949 జనవరి 1న డెహ్రాడూన్‌లోనే జాయింట్ సర్వీసెస్ వింగ్ పేరుతో తరగతులు మొదలుపెట్టారు. అదే ఏడాది అక్టోబరు 6న ఖడక్‌వాస్లాలో ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1955 జనవరి 16న నేషనల్ డిఫెన్స్ అకాడమీకి లాంఛనంగా ప్రారంభోత్సవం జరిగింది. సుమారు ఏడు వేల ఎకరాల స్థలం, కొండలు, చెరువు, గుర్రపు శాలలు, గ్రంథాలయం ఉన్న ఆ చోటునే అందరూ ఎన్.డి.ఏ. అంటారు.

అక్కడ ఏమి నేర్పుతారు?

కాల్పులు, కవాతు మాత్రమే నేర్పుతారని మనం అనుకుంటాము. అది సగమే నిజం. అక్కడ మూడేళ్ళు పట్టభద్రుల చదువు సాగుతుంది. ఆరు టెర్ములు. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం డిగ్రీ ఇస్తుంది. తెల్లవారకముందే లేవడం, పరుగు, ఈత, గుర్రపు స్వారీ, తరగతులు, ఆటలు, రాత్రి చదువు. కలెక్టరు కొడుకైనా, కూలివాని కొడుకైనా తన బూట్లు తానే తుడుచుకోవాలి, తన పరుపు తానే మడుచుకోవాలి.

మూడేళ్ళ తరువాత దారులు చీలుతాయి. పదాతి సైన్యం ఎంచుకున్నవారు డెహ్రాడూన్‌కు, నావికాదళం వారు కేరళలోని ఎళిమల అకాడమీకి వెళతారు. వాయుసేన కేడెట్ల దారి మన హైదరాబాదు వైపు. నగరం పక్కనే ఉన్న దుండిగల్‌లో 1967 అక్టోబరు 11న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ శంకుస్థాపన చేసిన వాయుసేన అకాడమీ ఉంది. 2016 జూన్ 18న మన దేశపు మొట్టమొదటి మహిళా యుద్ధ విమాన చోదకులు ముగ్గురు అక్కడే అధికారులయ్యారు.

డిగ్రీ అయిన తరువాత చేరేవారికి మద్రాసులో ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ ఉంది. తోమా అపొస్తలుని పేరు మోసే కొండ పక్కన 1963లో మొదలైన ఆ స్థలాన్ని మన సంఘాల వారు చాలామంది రైలులో నుండి చూసే ఉంటారు. 1992 నుండి అక్కడ స్త్రీలకు కూడా శిక్షణ ఇస్తున్నారు.

ఎన్.డి.ఏ. తలుపులు మాత్రం ఆడపిల్లలకు చాలాకాలం తెరుచుకోలేదు. 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తరువుతో వారికి పరీక్ష రాసే అవకాశం వచ్చింది. 2022లో మొదటి జట్టు చేరింది. 2025 మే 30న 17 మంది యువతులు మగపిల్లలతో కలిసి కవాతు చేస్తూ బయటికి వచ్చారు. "నేను కూడా రాస్తా" అన్న ఆ అయిదో తరగతి పాపను చూసి మేము నవ్వి ఉండకూడదు.

మన తెలుగువారు

మన వారు ఇందులో లేరని ఎవరూ అనుకోనక్కరలేదు. 1981 నుండి 1983 వరకు మన దేశపు సైన్యాధిపతిగా ఉన్న జనరల్ కె.వి. కృష్ణారావు తెలుగువారే. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరానికి మిలిటరీ మాధవరమని పేరు; తరతరాలుగా ఆ ఊరి ఇళ్ళ నుండి సిపాయిలు వెళ్ళారు.

సూర్యాపేటకు చెందిన కల్నల్ బిక్కుమళ్ళ సంతోష్ బాబును చాలామంది ఎరుగుదురు. విజయనగరం దగ్గర 1962లో ఆరంభమైన కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, అక్కడి నుండి ఎన్.డి.ఏ.కు, ఆ తరువాత డెహ్రాడూన్‌కు వెళ్ళారు. 2020 జూన్ 15 రాత్రి లడఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో తన బెటాలియన్‌కు ముందు నిలబడి ప్రాణం విడిచారు. ఆ ఘర్షణలో మన సైనికులు మొత్తం ఇరవై మంది చనిపోయారు. ఆయనకు మరణానంతరం మహావీర చక్రం ఇచ్చారు.

ఇది చదివి ఆ తల్లి గుండె మరింత బరువెక్కుతుందని మాకు తెలుసు. అయినా దాచము. ఈ అకాడమీల గోడల మీద పేర్లు చెక్కి ఉంటాయి. 1971లో బసంతర్ యుద్ధంలో పరమవీర చక్ర పొందిన అరుణ్ ఖేత్రపాల్ వయస్సు చనిపోయేనాటికి 21 సంవత్సరాలు. 1961లో ఐక్యరాజ్య సమితి శాంతి సేనలో కాంగో దేశానికి వెళ్ళిన గుర్‌బచన్ సింగ్ సలారియా పరాయి దేశపు ప్రజల కోసం ప్రాణమిచ్చాడు. ఇద్దరూ ఎన్.డి.ఏ. విద్యార్థులే.

మన ఇంటి నుండి దారి

ఎన్.డి.ఏ. పరీక్షను యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఏడాదికి రెండుసార్లు పెడుతుంది. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరంలో ఉన్నవారు రాయవచ్చు. కోర్సులో చేరే నాటికి వయస్సు పదహారున్నర నుండి పందొమ్మిదిన్నర మధ్య ఉండాలి, పెళ్ళి కాకూడదు. పదాతి సైన్యానికి ఏ గ్రూపు వారైనా సరే. వాయుసేనకు, నావికాదళానికి గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివి ఉండాలి.

గణితానికి 300 మార్కులు, ఇంగ్లీషుతో కూడిన సాధారణ జ్ఞానానికి 600. ప్రశ్నపత్రం ఇంగ్లీషులో, హిందీలో ఉంటుంది, తెలుగులో ఉండదు. మన పల్లె పిల్లలకు ఉన్న అసలు అడ్డుగోడ ఇదే. అందులో గెలిచినవారికి సర్వీస్ సెలక్షన్ బోర్డు అయిదు రోజుల పరీక్ష పెడుతుంది. దానికి 900 మార్కులు. అక్కడ పదిమందితో కలిసి పని ఎలా చేస్తాడు, కష్టం వస్తే ఎలా ఆలోచిస్తాడు, నిజం చెబుతాడా అన్నది చూస్తారు. ఆ తరువాత వైద్య పరీక్ష.

ఒక్కొక్క పరీక్షకు స్థానాలు సుమారు 400. రాసేవారు లక్షల్లో ఉంటారు. కులాన్ని బట్టి రిజర్వేషన్లు ఇందులో లేవు, షెడ్యూల్డు కులాల వారికి పరీక్ష ఫీజు మాత్రం లేదు. చదువు, తిండి, బస ప్రభుత్వానివే. పై ఖర్చులకు, కొన్ని బట్టలకు కొంత సొమ్ము కట్టాలి. తక్కువ ఆదాయం గల కుటుంబాలకు సహాయం ఉంది. డెహ్రాడూన్ వంటి ఆఖరి శిక్షణ కాలంలో నెలకు 56,100 రూపాయలు ఇస్తారు. డబ్బు ఇస్తే సీటు ఇప్పిస్తామని ఎవరైనా మీ గుమ్మం తొక్కితే నమ్మవద్దు. ఇందులో అటువంటి దారి లేదు.

ఇంకొక దారి చిన్న వయస్సులోనే మొదలవుతుంది. పాత చిత్తూరు జిల్లాలోని కలికిరిలో 2014లో సైనిక పాఠశాల పెట్టారు. ఆరవ తరగతిలోకి పది నుండి పన్నెండేళ్ళ పిల్లలను తీసుకుంటారు. ఆ ప్రవేశ పరీక్షను తెలుగులో రాయవచ్చు! ఇందులో రిజర్వేషన్లు కూడా ఉన్నాయి: షెడ్యూల్డు కులాలకు నూటికి 15, తెగలకు 7.5, వెనుకబడిన తరగతులకు 27. ఆడపిల్లలనూ చేర్చుకుంటున్నారు. ఏడాది ఫీజు లక్ష రూపాయలు దాటుతుంది కనుక, ఆదాయాన్ని బట్టి ఇచ్చే విద్యార్థి వేతనాల సంగతి ముందే పాఠశాలలో అడిగి తెలుసుకోవాలి. ఈ పాఠశాలల ఫలం ఎటువంటిదో ఒక్క మాటలో చెబుతాము. మధ్యప్రదేశ్‌లోని రీవా సైనిక పాఠశాలలో ఒకే తరగతిలో చదివిన ఇద్దరు 2024లో ఒకరు పదాతి సైన్యానికి, ఒకరు నావికాదళానికి అధిపతులయ్యారు.

సిపాయిగా చేరినవానికి కూడా తలుపు మూసుకుపోదు. 2022 నుండి సిపాయిలను అగ్నివీరులుగా నాలుగేళ్ళకు తీసుకుంటున్నారు. వారిలో నూటికి 25 మందిని కొనసాగిస్తారు. సైన్యంలో ఉండి చదువులో ముందుకు వచ్చేవారికి డెహ్రాడూన్‌లోని ఆర్మీ కేడెట్ కాలేజీ ద్వారా అధికారి అయ్యే వీలుంది.

తల్లులకు ఒక మాట

శిక్షణలోనే దెబ్బలు తగిలే ప్రమాదం ఉంది. కాలు విరిగి, వెన్ను దెబ్బతిని, శిక్షణ మధ్యలోనే ఇంటికి చేరిన కుర్రవాళ్ళు ఉన్నారు. వారికి మాజీ సైనికులకు దొరికే సౌకర్యాలు దొరకడం లేదన్న సంగతిని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు తీసుకొంది. కనుక పేపరు మీద సంతకం పెట్టేముందు తల్లిదండ్రులు ఈ విషయాలన్నీ చదివించుకొని వినాలి. బిడ్డ ఇష్టం లేకుండా పంపకూడదు. బిడ్డకు ఇష్టం ఉన్నప్పుడు కన్నీళ్ళతో కట్టివేయనూ కూడదు.

విశ్వాసి సైనికుడు కావచ్చునా అని కూడా కొందరు అడుగుతారు. తుంగభద్ర అవతల పాలమూరు జిల్లాలో పనిచేసిన మెన్నొనైట్ సహోదరుల సంప్రదాయం ఆయుధం పట్టరాదని చెబుతుంది. దానిని మేము గౌరవిస్తాము. అయితే లూకా సువార్త మూడవ అధ్యాయంలో సైనికులు బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరకు వచ్చి ఏమి చేయాలని అడిగారు. ఆయన ఉద్యోగం మానమని చెప్పలేదు. ఎవరినీ బెదిరించి దోచుకోవద్దని, జీతంతో తృప్తిపడమని చెప్పాడు. తన దాసుని కోసం ప్రభువును వేడుకొన్న శతాధిపతి, అపొస్తలుల కార్యములలోని కొర్నేలీ సైనికులే. చేతి కింద ఉన్నవాని ప్రాణం విలువైనదని ఎంచే అధికారి దేశానికి కావాలి. మన సైన్యంలో మత బోధకులుగా పండితులు, మౌల్వీలు, గ్రంథీలతో పాటు పాద్రీలు కూడా ఉన్నారు. ఎవరి విశ్వాసం వారిది; కందకంలో మాత్రం అందరూ ఒకరికొకరు కాపు.

అసలు దూరం ఏది?

ఆదోని స్టేషనులో ముంబై వైపు వెళ్ళే బండి ఎక్కితే రాయచూరు, షోలాపూర్ మీదుగా పూణే చేరవచ్చు. ఎమ్మిగనూరు వారు బస్సులో ఆదోనికి వస్తే చాలు. అక్కడి నుండి ఖడక్‌వాస్లా కొద్ది దూరమే. మన ఊళ్ళ మీదుగా రోజూ ఆ బండ్లు పోతూనే ఉన్నాయి.

అసలు దూరం అది కాదు. దసరా, దీపావళి దాటితే మన పల్లెల్లో ఇళ్ళకు తాళాలు పడతాయి. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు సుగ్గికి పోతాయి. తల్లిదండ్రులతో పిల్లలూ పోతారు. సైనిక పాఠశాలకు దరఖాస్తులు పిలిచేది సాధారణంగా ఆ రోజుల్లోనే. ఆ పిల్లవాడు అప్పుడు మిరప చేనులో ఉంటాడు. బడికి తిరిగి వచ్చేసరికి పరీక్ష అయిపోయి ఉంటుంది. తెలివి లేక కాదు, ఊళ్ళో లేక ఓడిపోతున్నాడు.

సుగ్గికి పోవద్దని చెప్పడానికి మనకు నోరు లేదు. వాన పడని నేలలో అప్పు తీర్చేది ఆ కూలే. కాని పిల్లవాడిని వెంట తీసుకుపోకుండా ఉండే మార్గం వెదకవచ్చు. వలస కుటుంబాల పిల్లల కోసం ప్రభుత్వం నడిపే సీజనల్ హాస్టళ్ళు ఉన్నాయి. మీ ఊరి బడిలో ఉందో లేదో ప్రధానోపాధ్యాయుని అడగండి. లేనిచోట సంఘం పూనుకోవచ్చు. రాత్రిపూట గుడిలో దీపం ఎలాగూ వెలుగుతుంది. నలుగురు పిల్లలకు అక్కడ పడక, చదువు చెప్పే ఒక డిగ్రీ విద్యార్థి, వంతులవారీగా అన్నం పెట్టే నాలుగు ఇళ్ళు ఉంటే నాలుగు నెలలు గడిచిపోతాయి. దీనికి పెద్ద నిధి అక్కరలేదు, పెద్దలు ఒక సాయంత్రం కూర్చుంటే చాలు.

మేము మరల ఆ పల్లెకు వెళ్ళి ఇవన్నీ ఆ తల్లికి వివరించాము. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, "పాపను మా అమ్మ దగ్గర ఇడ్సిపోతాం. పిల్లోడు పరీచ్చ రాయనీ. వస్తాదో రాదో దేవునికెరుక" అంది. కొడుకు మాత్రం పై మాట అడిగాడు: "సార్, ఇంగ్లీషు నాకు రాదు. ఎవరు చెప్తారు?"

పాఠకులారా, ఆదోనిలో, ఎమ్మిగనూరులో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు మన సంఘాల్లో ఎంతోమంది ఉన్నారు. ఆ అబ్బాయి ప్రశ్న మీ కోసమే. ఆదివారం ఆరాధన తరువాత ఒక గంట మీరు ఇవ్వగలరా?